నిలువనీడకు నియమమేదీ?

తుపాను విరుచుకుపడినా, భూమి కంపించినా, జాతుల మధ్య కల్లోలం చెలరేగినా సామాన్యుడు ముందుగా పోగొట్టుకునేది నిలువనీడను. ప్రాణాలతో బయటపడిన కుటుంబానికి మరునాటి ఉదయం కావలసినవి గొంతెమ్మ కోరికలేమీ కావు. తలదాచుకోవడానికి ఒక టార్పాలిన్, కింద పరచుకోవడానికి చాప, పిల్లలకు దుప్పట్లు, వండుకోవడానికి రెండు గిన్నెలు, నీళ్లు పట్టుకోవడానికి ఒక బిందె, రాత్రికి దీపం, దోమతెర, సబ్బు. కోట్ల రూపాయల నష్టాన్ని లెక్కగట్టే సర్కారీ నివేదికల్లో ఈ చిల్లర సామానుకు ఒక పంక్తిని మించి చోటు దక్కదు. కాని విపత్తును తట్టుకున్న వారిలో రోగాల పాలయ్యేదెవరు, తిరిగి కాళ్లమీద నిలబడేదెవరు అన్నది చాలావరకు ఈ సామాను సకాలంలో చేరడం మీదే ఆధారపడి ఉంటుంది. మన దేశంలో కరుణకు కొదవ లేదు. అనేక సందర్భాల్లో సరకుకూ కొదవ లేదు. ఎవరికి ఏమి కావాలో తెలుసుకుని, ఎవరు ఏమి ఇస్తున్నారో లెక్కించి, రెంటినీ జోడించే వ్యవస్థకే కరువు. గత పాతికేళ్లలో ఉపఖండాన్ని కుదిపిన ప్రతి విపత్తూ ఈ పాఠాన్నే వల్లించింది.

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల మందికి పైగా అసువులు బాశారు. దేశం నలుమూలల నుంచి లారీల మీద లారీలు అక్కడికి కదిలాయి. వాటిలో వచ్చిన పాత బట్టల మూటలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్న దృశ్యాన్ని ఆనాడు దేశమంతా చూసింది. సర్వస్వం పోగొట్టుకున్నా ఆత్మాభిమానం పోగొట్టుకోని మత్స్యకారులు ఆ చింకి గుడ్డలను తాకలేదు. వారికి కావలసినవి వంటపాత్రలు, వలలు, పడవలు, ఎండకు కాగిపోని గూడు. తాత్కాలిక నివాసాలుగా తారు అట్టలతో వేసిన వరస గుడిసెలు వేసవిలో కొలుముల్లా మారాయి. ఈ గందరగోళంలో ఆశాజనకమైన పరిణామం ఒకటి చోటు చేసుకుంది. జిల్లా యంత్రాంగం అండతో స్వచ్ఛంద సంస్థలు ఒక సమన్వయ కేంద్రాన్ని నెలకొల్పుకున్నాయి. ఏ గ్రామంలో ఏ సంస్థ పనిచేస్తున్నదీ, ఎక్కడ ఏ లోటు మిగిలిందీ ఒకచోట తెలిసే ఏర్పాటు జరిగింది. అంతకుముందు 2001 జనవరి 26 నాటి భూకంపం తరవాత కచ్‌లోనూ స్థానిక సంస్థల కూటమి కొన్ని గ్రామాలకు ఒకటి చొప్పున 'సేతు' కేంద్రాలను నడిపి, బాధితులకు, అధికారులకు నడుమ వారధిగా నిలిచింది. రెండు చోట్లా సమన్వయం పుట్టింది విపత్తు తరవాతే. చొరవగల అధికారులు, అనుభవజ్ఞులైన కార్యకర్తలు ఉండబట్టి అది సాధ్యపడింది. అవి లేనిచోట ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం అప్పుడూ లేదు, ఇప్పుడూ స్పష్టంగా లేదు.

పొరుగుదేశాల అనుభవాలూ ఇంతకు భిన్నమైనవి కావు. 2005 అక్టోబరు 8న కశ్మీరును కుదిపిన భూకంపం పాకిస్థాన్ వైపు 73 వేల మందికి పైగా ప్రజలను పొట్టన పెట్టుకుంది. సుమారు 35 లక్షల మందిని నిరాశ్రయులను చేసింది. హిమాలయ శీతకాలం ముంచుకొస్తున్న తరుణమది. ప్రపంచానికి గుడారాలు ఎగుమతి చేసే దేశంలోనే గుడారాలకు కటకట ఏర్పడింది. పంచిన వాటిలోనూ చాలా భాగం మంచును తట్టుకునేవి కావు. ఒక్కొక్క రంగానికి ఒక సంస్థను బాధ్యురాలిని చేసే పద్ధతిని ఐక్యరాజ్యసమితి తొలిసారిగా అమలుపరచింది అక్కడే. గుడారాలతో పని జరగదని గ్రహించాక ఇనుప రేకులు, పనిముట్లు ఇచ్చి, కూలిన ఇళ్ల కలపతోనే కుటుంబానికి ఒక వెచ్చని గదిని కట్టుకొమ్మన్న వ్యూహం ఆచరణలోకి వచ్చింది. ఆ రేకులు మరుసటి ఏడాది శాశ్వత గృహాలకూ పనికివచ్చేవే. వాతావరణమూ కొంత కరుణించడంతో, చలికి రెండో విడత మరణాలు సంభవిస్తాయన్న భయం నిజం కాలేదు. చేతికందినది పంచడం వేరు, అవసరాన్ని ఆలోచించి పంచడం వేరు అని రుజువు చేయడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ కథ మరింత కఠినమైనది. 2017 ఆగస్టు 25 తరవాత కొద్ది మాసాల్లోనే ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి అక్కడికి తరలివచ్చారు. వెదురు బొంగులు, టార్పాలిన్లతో కొండవాలుల మీద ఒక మహానగరమే వెలసింది. బియ్యం, పప్పు పంచిన వారికి వంట చెరకు సంగతి తొలుత తట్టలేదు. కట్టెల కోసం జనం చుట్టుపక్కల అడవిని వేళ్లతో సహా పెకలించారు. చెట్లు పోయిన కొండలు వర్షాలకు విరిగిపడే ప్రమాదం ఏర్పడింది. స్థానికులతో తగవులు పెరిగాయి. 2018 నుంచి కుటుంబాలకు వంటగ్యాస్ అందించడం మొదలయ్యాకే ఆ ఒత్తిడి తగ్గి, కొండలపై మళ్లీ పచ్చదనం కనిపించింది. ఒక పొయ్యి, ఒక సిలిండరు అడవిని కాపాడగలవంటే గృహోపకరణాల పంపిణీ చిల్లర విషయం కాదని వేరుగా చెప్పాలా? అయితే శరణార్థులు శాశ్వతంగా తిష్ఠ వేస్తారేమోనన్న శంకతో అక్కడి ప్రభుత్వం గట్టి సామగ్రితో నిర్మాణాలను అనుమతించలేదు. 2021 మార్చి 22న చెలరేగిన అగ్నికీలలు సుమారు 45 వేల మంది గుడిసెలను కొన్ని గంటల్లో బుగ్గి చేశాయి. తాత్కాలికం అన్న మాట ఏళ్ల తరబడి సాగితే అదే ఒక ప్రమాదమవుతుంది.

మన దేశంలో ఈ విషయంలో ముందడుగు వేసిన రాష్ట్రం ఒడిశా. 1999 అక్టోబరు 29 నాటి పెను తుపానులో సుమారు పది వేల మంది బలికాగా, ఆ ఏడాది ముగిసేలోగానే విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. 2019 మే 3న ఫణి తుపాను తీరం దాటేసరికి 12 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించింది. మృతుల సంఖ్య వందలోపే ఉండటం ఆ యంత్రాంగానికి గర్వకారణం. కాని ప్రాణాలు దక్కిన వారు తిరిగి వెళ్లేసరికి పూరీ జిల్లాలో ఇళ్ల కప్పులు లేవు. ఆహార భద్రత కార్డుదారులకు 50 కిలోల బియ్యం, 2,000 రూపాయల నగదు, పాలిథిన్ షీట్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. తక్షణ ఉపశమనంగా అది మెచ్చదగినదే. అయితే ప్రాణరక్షణలో చూపిన దక్షత గూడు నిలబెట్టడంలోనూ చూపాలంటే పాలిథిన్ షీటుతో సరిపోదు.

చట్టాల మాటకొస్తే లోటు లేదు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ సహాయక శిబిరాల్లో ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యాలకు కనీస ప్రమాణాలు నిర్దేశించాలని ఆదేశించింది. ఆ ప్రమాణాల మార్గదర్శకాలు వెలువడటానికి 2016 దాకా ఆగవలసి వచ్చింది. మనిషికి 3.5 చదరపు మీటర్ల కప్పుకింద చోటు, రోజుకు కనీసం మూడు లీటర్ల తాగునీరు, పెద్దలకు 2,400 కేలరీల ఆహారం, 30 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని అవి చెబుతున్నాయి. పదిమందిని ఒక తరగతి గదిలో కుక్కే మన శిబిరాలను ఎరిగినవారికి ఈ అంకెలు చదువుతుంటే నవ్వాలో ఏడ్వాలో తెలియదు.

సొమ్ము విషయంలో ఈ అంతరం మరింత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. 2022-26 కాలానికి రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల ప్రకారం, ఇల్లు కొట్టుకుపోయిన, లేదా రెండు రోజులకు మించి నీట మునిగిన కుటుంబానికి బట్టల కోసం 2,500 రూపాయలు, వంటపాత్రలు, ఇంటి సామాను కోసం మరో 2,500 రూపాయలు నిర్ణయించారు. ఒక సంసారపు సమస్త సామగ్రికి దేశం కట్టిన వెల అయిదు వేలు! 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు నేల అంతస్తులు మునిగిన కుటుంబాలకు 25,000 రూపాయల చొప్పున, పై అంతస్తుల వారికి 10,000 రూపాయల చొప్పున సాయాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. కేంద్రపు కొలమానానికి, వాస్తవ అవసరానికి ఎంత దూరమో ఈ ఒక్క నిర్ణయమే చాటుతోంది. ఖజానా బలం గల రాష్ట్రం ఆ దూరాన్ని కొంత పూడ్చుకోగలదు. బలం లేని రాష్ట్రంలో బాధితుడి గతేమిటి?

ప్రకృతి ప్రకోపానికి గురైన వారి పరిస్థితి ఇదైతే, మనుషులు సృష్టించిన కల్లోలానికి బలైన వారిది మరీ దయనీయం. 2023 మే 3న మణిపూర్‌లో జ్వాలలు రగిలాక సుమారు 60 వేల మంది ఇళ్లు వదిలారు. బడులు, కళాశాలలు, సామాజిక భవనాలు శిబిరాలయ్యాయి. 12 వేల మందికి పైగా పొరుగున ఉన్న మిజోరాంలో తలదాచుకున్నారు. లోయకు, కొండలకు మధ్య దారులు మూసుకుపోవడంతో చురాచాంద్‌పూర్‌కు సరకులు ఇంఫాల్ నుంచి కాక ఐజ్వాల్ మీదుగా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. ఒకే రాష్ట్రంలో సహాయం రెండు పాయలుగా చీలిపోయింది. కేంద్రం 101.75 కోట్ల రూపాయల ప్రత్యేక ప్యాకేజీ మంజూరు చేసింది. సహాయ, పునరావాసాల పరిశీలనకు ముగ్గురు విశ్రాంత మహిళా న్యాయమూర్తుల కమిటీని 2023 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానమే నియమించవలసి వచ్చింది. విపత్తు అంటే ప్రకృతి వల్లనైనా, మానవ కారణాల వల్లనైనా సంభవించేదని 2005 చట్టం స్పష్టంగా నిర్వచించింది. కాని స్పందన నిధి నిబంధనల జాబితాలో ఉన్నవి తుపాను, కరవు, భూకంపం, వరద వంటి ప్రకృతి వైపరీత్యాలే. అంతర్గత నిర్వాసితుల కోసం దేశంలో ప్రత్యేక చట్టమూ లేదు. గుడిసెను ముంచినది వరద అయితే హక్కు, తగలబెట్టినది అల్లరిమూక అయితే దయాదాక్షిణ్యం అనడం ఏ న్యాయం?

చేయవలసినది అసాధ్యమేమీ కాదు. ప్రతి జిల్లాలోనూ ఆశ్రయానికి, గృహోపకరణాలకు ఒక్క అధికారి బాధ్యుడై ఉండాలి. సర్కారీ శాఖలైనా, స్వచ్ఛంద సంస్థలైనా, దాతలైనా తాము ఇవ్వదలచినది ఆయన వద్ద నమోదు చేయాలి. ఏ ఊరికి ఏమి చేరిందీ, ఏమి చేరవలసి ఉన్నదీ అన్న పట్టిక రోజూ ప్రజల ముందుండాలి. కొండ ప్రాంతానికి కంబళి, తీరప్రాంతానికి దోమతెర అన్న వివేకంతో కుటుంబానికి కావలసిన సామాను మూటను ముందే నిర్ణయించాలి. ధరల ఒప్పందాలను విపత్తుకు ముందే కుదుర్చుకోవాలి. గోదాముల్లో సరకు ముక్కిపోతుందన్నది అధికారులు తరచు చెప్పే సాకు. నిల్వను ఏటా సంక్షేమ వసతిగృహాలకు మళ్లించి కొత్తది నింపుకుంటే ఆ బెడద ఉండదు. విపత్తు నిర్వహణ నిధుల్లో 20 శాతాన్ని ముప్పు తగ్గించే పనులకు వేరుచేసిన 15వ ఆర్థిక సంఘం, సన్నద్ధత, సామర్థ్యాల పెంపునకూ మరో 10 శాతం కేటాయించింది. ఆ సొమ్మును ఇందుకు వెచ్చించడానికి అభ్యంతరం ఏముంటుంది?

బజారు నడుస్తున్న చోట సామాను కంటే నగదు మేలు. బజారు మూతపడిన చోట నోటు కంటే గిన్నె మేలు. ఈ విచక్షణ స్థానిక అధికారికి ఉండాలి. బాధితుల జాబితాలో ఇంటి యజమానులతో పాటు అద్దెకున్న వారికి, పట్టాలేని వారికి, ఒంటరి మహిళలకు చోటు దక్కాలి. పట్టా చూపనిదే షీటు ఇవ్వని పద్ధతి నిరుపేదను మొదటే వరస నుంచి తోసేస్తుంది. తాత్కాలిక నివాసానికి గడువు ఉండాలి. ఆ గడువు తీరేలోగా తిరిగి సొంత ఊరికో, కొత్త ఇంటికో చేరే దారిని ప్రభుత్వం చూపాలి. దారి చూపకుండా శిబిరం మూసివేయడం పునరావాసం అనిపించుకోదు. అన్నిటికీ మించి, మానవ కల్లోలాల నిర్వాసితులను స్పందన నిధి పరిధిలోకి తీసుకురావాలి. గృహ సామగ్రి సాయాన్ని బజారు ధరలకు తగినట్లు సవరించాలి.

వరద వచ్చాక టెండర్లు పిలవడం, మంటలు ఆరాక కమిటీ వేయడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం వంటిదే. వాతావరణ మార్పుల దరిమిలా తుపానులు, కుంభవృష్టులు ఉద్ధృతమవుతున్నాయని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్న తరుణమిది. రానున్న విపత్తు ఏ రాష్ట్రాన్ని తాకుతుందో ఎవరూ చెప్పలేరు. తాకిన చోట కట్టుబట్టలతో నిలిచే కుటుంబం ఎవరి ముందూ చేయి చాచకుండా ఒక కప్పు, ఒక పొయ్యి పొందగలగాలి. అది దానంగా కాక హక్కుగా అందేలా చూడవలసిన బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లోనే ఆ పని పూర్తి కావాలి.