బోర్డు ఉంది, అంగడి ఏదీ?

ఆస్ట్రియా దేశంలో సాల్జ్‌బర్గ్ పాత ఊళ్లో గెట్రైడెగాస్సె అని ఒక ఇరుకు వీధి ఉంది. బండ్లు రావు, అంతా నడకే. పోయినేడు ఆఫీసు పని మీద మ్యూనిక్ పోయినప్పుడు ఒక శనివారం రైలెక్కి చూసి వచ్చినాను. తొమ్మిదో నంబరు ఇంట్లో 1756 జనవరి 27న మొజార్ట్ పుట్టినాడు. జనమంతా ఆ పసుప్పచ్చ ఇంటి ముందర ఫోటోలు తీసుకుంటా ఉంటే, నేను తల పైకెత్తి బోర్డులు చూసుకుంటా నడిచినాను.

ప్రతి అంగడి మీదా వీధిలోకి చాచిన ఇనప బోర్డు. చదువు రాని జనం ఎక్కువున్న కాలంలో బొమ్మే అక్షరం. బూటు ఉంటే చెప్పులు కుట్టేవాడు, తాళంచెవి ఉంటే తాళాలవాడు. ఆ వాడుక పోకుండా కాపాడుకుంటా వచ్చినారు. మెక్‌డొనాల్డ్స్ కూడా తన ఎం అక్షరాన్ని ఇనప నగిషీలో వేలాడదీసుకుంది. 1996లో యునెస్కో ఈ పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అందరూ మెచ్చుకుంటారు. నాకు సగమే నచ్చింది. మా టెస్టింగు పనిలో స్క్రీను బాగుందా అనేది ఒక టెస్టు, బటన్ నొక్కితే పని జరుగుతుందా అనేది ఇంకొకటి. ఈ వీధి మొదటిది పాసయింది. బోర్డు కింద లోపలికి పోతే మాత్రం చాలా చోట్ల మా బెంగళూరు మాల్‌లో దొరికే బట్టలే. (చేత్తో గొడుగులు చేసే పాత అంగడి ఒకటి ఉంది. దాన్ని తక్కువ చెయ్యను.)

బళేపేటలో మా తాత పాత్రల అంగడి ముందర ఇత్తడి బిందె వేలాడేది. బోర్డు రాయిద్దామంటే అవ్వ, "బోర్డు యాలరా, బిందె కనపడ్లేదా?" అనేదంట. ఆమెకు చదువు రాదు. కన్నడ మీడియంలో చదివిన నాకు చదువు వచ్చు, తెలుగు అక్షరమే రాదు. ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే.

మా ఇంట్లో పెళ్లిపత్రికలు ఇప్పటికీ తెలుగులోనే అచ్చేయిస్తాము. మా తరంలో చదవగలిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. అది మా ఇనప బోర్డు. "ఎవరూ చదవనిది ఎందుకు, ఇంగ్లీషులో వేయించు" అంటాడు మా చిన్నాయన. నేను ఒప్పుకోను. బోర్డు తీసేస్తే ఇక్కడ ఒక అంగడి ఉండేదని అడిగేవాడు కూడా ఉండడు. కానీ బోర్డుతోనే సరిపెట్టుకునేదీ ఒప్పుకోను. అందుకే ముప్పై దాటినాక అక్షరాలు దిద్దినాను.

ఇది ముందు కాయితం మీద రాసినాను. 'క' రాసేటప్పుడు చెయ్యి ఇంకా కన్నడం వైపే పోతుంది. మా అత్త ఏడు తప్పులు దిద్దింది.