మూటలోని ముక్కలు బొంత కావలెను

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36–42



వేసవి సెలవులు వచ్చినవి. పిల్లలు అమ్మమ్మ ఇంటికి, పెద్దలు పెండ్లిండ్లకు, సంఘస్థులు సువార్త సభలకు ప్రయాణమగుచున్నారు. ఆత్మకూరు బస్టాండులో నిలబడి చూచిన యెడల ప్రతివారి చేతిలోను ఒక సంచి కనబడును. వెళ్లునప్పుడు అందులో పచ్చడి సీసా ఉండును, వచ్చునప్పుడు కొత్త చీర ఉండును. ప్రయాణములో ఏదో ఒకటి పోగుచేసికొని ఇంటికి తెచ్చుకొనుట మనుష్యులకు సహజము. అయితే తెచ్చుకొన్నదానిని తరువాత ఏమి చేయుచున్నాము? ఈ నెల మనము దానిని గూర్చి ఆలోచించుదము.

అమెరికాలో బొంత కుట్టుట అనేకమంది స్త్రీలకు ఎంతో ఇష్టమైన పని. దానిని వారు క్విల్టు అందురు. అందుకు కావలసిన గుడ్డలు, దారములు అమ్ముటకే ప్రత్యేకమైన అంగళ్లున్నవి. వేసవిలో కారులో ఊరూరు తిరుగుచు, దారిలోని అంగళ్లలో ఆగి, ఒక చోట నమూనా కాగితము, మరియొక చోట ఆ నమూనాకు సరిపడు గుడ్డలు కట్టి అమ్మెడి కిట్టు కొని తెచ్చుకొనువారు అనేకులు. 2011లో న్యూయార్క్ రాష్ట్రములోని కొన్ని అంగళ్లు కలిసి ‘రో బై రో’ అను ఏర్పాటు చేసినవి. ఒక్కొక్క అంగడి బొంతలోని ఒక్కొక్క వరుసకు నమూనా గీసి, వేసవిలో తమ గడప తొక్కినవారికి ఉచితముగా ఇచ్చినది. ఎనిమిది అంగళ్ల వరుసలు చేర్చి ముందుగా బొంత పూర్తిచేసి తెచ్చినవారికి బహుమానము. తరువాత ఇది ఇతర దేశములకును ప్రాకినది. ఇంతకును ఆ కుట్టుపనివారు తమ్మును గూర్చి తామే నవ్వుకొను సంగతి ఒకటున్నది: బీరువా నిండ కిట్లుండును, కుట్టి ముగించిన బొంతలు మాత్రము కొన్నియే!

బొంతకు గుడ్డ కొనుటయా అని మన అవ్వలు ఆశ్చర్యపడుదురు. మన పాలమూరు పల్లెలలో బొంతకు కొన్న గుడ్డ పనికిరాదు. ఏండ్ల తరబడి కట్టి, ఉతికి, మెత్తబడిన నూలు చీరలు, పంచెలే కావలెను. వేసవి ఎండలో వాటిని ఉతికి ఆరవేసి, గట్టి చీర ఒకటి క్రింద పరచి, దానిమీద చిరిగిన ముక్కలను పొరలు పొరలుగా సర్ది, పైన ఇంకొక చీర కప్పుదురు. జరుగకుండ మూలలకు రాళ్లు పెట్టుదురు. ఇద్దరు ముగ్గురు స్త్రీలు చుట్టు కూర్చుండి పెద్ద సూదితో వరుస వెంబడి వరుస కుట్టుదురు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెంటిని మగ్గము మీదనే పోగుకు పోగు పెనవేసి కలుపుదురు. నారాయణపేట చీరకును అంచే అందము. చీర నలిగినను అంచు గట్టిగా మిగిలియుండును. ఆ అంచును కోసి బొంత చుట్టు కుట్టిన యెడల బొంత అంచులు పిగలవు.

పాత గుడ్డతోనే ఎందుకు? కొత్త గుడ్డ ఉతికిన కొలది ముడుచుకొనును, పాత గుడ్డను లాగి చింపును. కొత్త గుడ్డ మాసికను గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము (మత్తయి 9:16) బొంత కుట్టిన ప్రతి అవ్వకు ప్రసంగము అవసరము లేకుండనే అర్థమగును. పసిబిడ్డకు పొత్తిగుడ్డలుగా పాత నూలు చీర ముక్కలనే ఏరి పెట్టుటకును కారణమిదియే: ఆ మెత్తదనము కొత్త గుడ్డకు రాదు.

ఈ పని మన దేశములో ఇంకను అనేక చోట్ల ఉన్నది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు అనువారున్నారు. వారి పితరులు ఆఫ్రికా ఖండము నుండి వచ్చినవారు. వారి స్త్రీలు పాత గుడ్డలతో కుట్టు బొంత పేరు కవండి. అంచున ఆరంభించి, చుట్టు తిరిగి వచ్చుచు, నడిమికి చేరి ముగింతురు. నాలుగు మూలలను మడత పెట్టిన చిన్న గుడ్డ ముక్కలు కుట్టనిదే ఆ బొంత పూర్తికానట్టే. వారిలో క్రైస్తవులైన కొందరు సిలువ గుర్తును కూడ కుట్టుదురు. పేదవారి చేతిలో సూదియే, చేతిలో చిరిగిన గుడ్డయే. అయినను వారు తమ విశ్వాసమును అందులోనే చెప్పిరి.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతములలో సేవ చేసిన మెనోనైట్ బ్రదరెన్ మిషనరీలను మన పెద్దలు జ్ఞాపకము చేసికొందురు. అమెరికా, కెనడా దేశములలోని మెనోనైట్ సంఘముల స్త్రీలు మిగిలిన గుడ్డముక్కలతో బొంతలు కుట్టి, 1920లో ఆరంభమైన మెనోనైట్ సెంట్రల్ కమిటీ ద్వారా, యుద్ధములలో ఇల్లు విడిచి పరుగెత్తిన వారికి పంపుచున్నారు. వారు కుట్టిన బొంత తమ ఇంటి పెట్టెలో ఉండిపోదు. ముఖమెరుగని ఒక తల్లి తన బిడ్డకు దానిని కప్పుచున్నది.

ఇప్పుడు మన సంగతికి వత్తము. ‘పాలమూరు లేబరు’ అను పేరు దేశమంతట తెలిసినదే. ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మన జిల్లా కూలీలు గుంపు మేస్త్రీల వెంట ఎంతో దూరము వెళ్లిరి. ఆ మూటలో గిన్నెలు, బియ్యము, వాటితోకూడ ఒక బొంత. పని స్థలములో అదియే పరుపు, అదియే దుప్పటి, వానకు అదియే చాటు. పేదవాడు తాకట్టు పెట్టిన కప్పుడు గుడ్డను ప్రొద్దు గ్రుంకకముందే తిరిగి ఇయ్యవలెనని దేవుడు ధర్మశాస్త్రములో ఆజ్ఞాపించెను (నిర్గమకాండము 22:26–27). రాత్రి వానికి అది తప్ప వేరేమి లేదని ఆయనకు తెలియును. పరలోకమందున్న దేవుడు ఒక పేదవాని బొంతను లెక్కలోనికి తీసికొనెను!

పిల్లలు పనికి వెళ్లిన ఇండ్లలో ముసలివారు మిగిలిరి. బొంత కుట్టు చేతులు ఇంకను ఉన్నవి గాని సూదిలో దారము ఎక్కించు చూపు తగ్గినది. పాత నూలు చీరలు కూడ తగ్గిపోవుచున్నవి. పాలిస్టరు చీర జారును, చెమట పీల్చదు, దానితో మంచి బొంత రాదు. అంగడిలో మెరుగు కంబళి దొరుకుచున్నది గదా అందుమా? దొరుకుచున్నది. అయితే నేర్పు అవ్వతో కూడ సమాధికి వెళ్లినయెడల దానిని మరల ఏ అంగడిలోను కొనలేము.

యొప్పేలోని తబితాను చూడుడి. దొర్కా అని ఆమెకు ఇంకొక పేరు. ఆమె పలికిన మాట ఒక్కటియు లేఖనములో వ్రాయబడలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురుకు చూపినవి ఏవి? ఆమె పెట్టెలో దాచిన గుడ్డలు కావు. ఆమె కుట్టి ఇచ్చిన బట్టలే. కొన్న గుడ్డను ఎవరును సాక్ష్యముగా చూపరు. కుట్టి, ఒకరి ఒంటిమీద వేసినదే సాక్ష్యము.

మన ఆత్మీయ జీవితమునకును ఇది వర్తించును. వేసవి సభలలో నోటుపుస్తకము నిండ ప్రసంగములు వ్రాసికొందుము. పాటల పుస్తకములు కొందుము. గోడకు వాక్యపు క్యాలెండరు తగిలింతుము. ఇవన్నియు మంచివే, ముక్కలు లేకుండ బొంత ఎట్లు వచ్చును? అయిదు వేలమందికి ఆహారము పెట్టిన తరువాత మిగిలిన ముక్కలను కూడ పోగుచేయుమని ప్రభువే చెప్పెను (యోహాను 6:12). పోగుచేయుట ఆయనకు ఇష్టమే. అయితే ఆ వాక్యము సూదివలె మనలో గ్రుచ్చుకొని, పగబట్టిన అన్నతమ్ములను, మాటలాడుకొనని అత్తాకోడండ్రను ఒకటిగా కుట్టకపోయిన యెడల మనది కిట్లు నిండిన బీరువాయే. చలితో వణకు సహోదరునికి మంచి మాట చెప్పి పంపివేయు విశ్వాసమును యాకోబు ఏమనెనో మనకు తెలియును (యాకోబు 2:15–17).

కాబట్టి తల్లులారా, యౌవనస్థులారా, ఈ వేసవిలో మీరు ఏ ఊరికి వెళ్లినను అక్కడి అవ్వ దగ్గర ఒక పూట కూర్చుండుడి. ఏ కుట్టు ముందు, ఏది తరువాత అని అడుగుడి. ఆమె చేయి పట్టి నేర్చుకొనుడి. కాగితముమీద గీసికొనుడి. ఆమె సూదిలో మీరు దారము ఎక్కించుడి. తిరిగి వచ్చునప్పుడు ఉతికిన పాత నూలు చీర ఒకటి అడిగి తెచ్చుకొనుడి. స్త్రీల సమాజములో ఇంటికొక చీర చేర్చిన యెడల చలికాలము రాకముందే కొన్ని బొంతలు కాగలవు. మొదటి బొంత, పిల్లలు పనికి వెళ్లగా ఒంటరిగా పండుకొను ముసలివారికి ఇయ్యుడి. వారు మన సంఘస్థులా కారా అని చూడవద్దు. చలికి ఆ భేదము లేదు.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, చిరిగిన మా బ్రదుకులను నీ చేతితో కూర్చి కుట్టుము. మేము పోగుచేసికొన్న మంచిని మా పెట్టెలలో ఉండనీయక, అక్కరగల వారిమీద కప్పుటకు మాకు మనస్సునిమ్ము. వలసవెళ్లిన మా బిడ్డలను, ఇంట మిగిలిన మా పెద్దలను నీ రెక్కల నీడలో దాచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.