“లైటు” అను విశేషణము

నౌపడ స్టేషనులో గుణుపురము బండి కొఱకు వేచియున్నపుడు ప్రక్కనున్న విద్యార్థుల నొక ప్రశ్న యడుగుట మాకు వాడుక. ఈ శాఖకు మొదట “పర్లాకిమిడి లైటు రైల్వే” యని పేరు గదా, ఇందలి “లైటు” అను మాట కర్థమేమి? పలువురు దీపమనియే చెప్పుదురు. “రాత్రివేళ దీపములు పెట్టుకొని నడచిన బండి యగునండీ” యని యొక బాలుడు మమ్ము నవ్వించెను. నవ్వితిమి గాని తప్పు వానిది గాదు. లైటు వేయుము, లైటు ఆర్పుము అను మాటలు వినుచు పెరిగిన వానికి లైటనగా దీపమే. అది నామవాచకము మాత్రమే గాక విశేషణము గూడ నగునని వానికి మనము చెప్పలేదు.

పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతిగారి పూనికవలన 1900 సంవత్సరమున నౌపడ నుండి పర్లాకిమిడి వఱకు ఈ బండి నడువసాగెను. దాని పట్టాల నడిమి యెడము రెండడుగుల ఆఱంగుళములు. ప్రక్కనే పోవు మదరాసు–కలకత్తా పెద్దదారికి అయిదడుగుల ఆఱంగుళములు. ఇది చూచి లైటనగా ఇఱుకని కొందఱు తలంతురు. అదియు సరిగాదు. తేలికయైన పట్టాలు, మితమైన వేగము, తక్కువ వ్యయము గల మార్గమును ఆంగ్లేయులు లైటు రైల్వే యనిరి. ఇంగ్లండులో 1896లో ఆ పేరుతోనే యొక చట్టము వెలువడినది. మన చిన్నబండి 1931 నాటికి గుణుపురము చేరెను. 2004లో అది నిలిచిపోగా, మార్గమును పెద్ద గేజికి మార్చి 2011 నాటికి మరల గుణుపురము వఱకు బండ్లు నడిపిరి. నేడు దానియందు లైటనదగిన దేదియు లేదు. ఆ పేరును పోయినది.

నిజమునకు ఆంగ్లమున నిది యొక మాట గాదు, రెండు మాటలు. బరువు లేనిదను అర్థము గల లైటునకు మన “లఘు” శబ్దము దాయాది. వెలుగు గలదను అర్థము గల లైటునకు సంస్కృతమందలి “రుచ్” ధాతువు చుట్టము. రుచి యనగా నాలుకకు తెలియునది మాత్రమే గాదు, కాంతి యనియు నర్థము గలదు. పద్యమునకు గణవిభజన చేయుచు లఘువును గుర్తించు బాలుడు, తానెఱుగకయే ఆంగ్లపదమున కొక బంధువును గుర్తించుచున్నాడన్నమాట! కాలక్రమమున నీ రెండు మాటలును ఒక్క రూపమును పొందినవి. వానిని విడదీయుటకు ప్రక్కనున్న నామవాచకమే మనకు దిక్కు. రంగు ప్రక్కన నున్న లైటు వెలుగు జాతిది, మూట ప్రక్కన నున్నది లఘువు జాతిది.

మన పిల్లలు “లైటు, అనగా తేలికయైన” యని యొక్క యర్థమును వల్లించి పరీక్షకు పోవుదురు. అంతట “తేలిక నీలము”, “తేలిక నిద్ర” పుట్టుచున్నవి. తెలుగువాడు రంగును లేత యనును, వానను చినుకులనును, నిద్రను కునుకనును, శిక్షను స్వల్పమనును. ఆంగ్లేయుడు వ్రేళ్లు లైటుగా గలవాడని యెవనినైన చెప్పెనేని, వాడు వీణ వాయించునని సంతసింపరాదు. మన భాషలో వానికి చేతివాటము గలదని యర్థము. కావున పదములను ఒంటరిగా గాక, నామవాచకముతో జతగా నోటుపుస్తకమున వ్రాయింపవలసినదని ఉపాధ్యాయులకు మా మనవి.

ఇక వాడుకలో నీ మాట ఎంత దూరము పోయినదో చూడుడు. టీ దుకాణములో లైటు టీ, లైటుగా పంచదార. ఒంటికి లైటుగా జ్వరము. ఉప్పుమడులకు పేరుగన్న యీ యూరిలోనే కూరలో “ఉప్పు లైటుగా” వేయుమందురు! దీనికి మేము కోపింపము. 1863లో శ్రీకాకుళము సమీపమున పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల నోట విని సవరభాష నేర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారి సీమ యిది. ఇచ్చట జనుల నోటి మాటను తూలనాడుట న్యాయము గాదు. (గ్రాంథికమున వ్రాయుచు ఆయన పేరెత్తుటకు మాకు కొంత బిడియముగానే యున్నది.)

మాకు అభ్యంతరమైనది “లైట్ తీసుకో” యను మాట యొక్కటియే. మన భాషలో మనసు తేలికపడుట వేఱు, మనిషిని చులకన చేయుట వేఱు. మొదటిది ఊరట, రెండవది అవమానము. ఈ కొత్తమాటలో ఆ రెండును కలిసిపోయినవి. పలికినవాడు ఒకటి తలంపగా, విన్నవాడు రెండవదానిని గ్రహించు నపాయము గలదు.

గణితములో తప్పిన యొక బాలుడు అరుగుమీద కూర్చుండి కంటతడి పెట్టుకొనగా, వాని స్నేహితుడు భుజముపై చేయి వేసి “లైట్ తీసుకోరా” యనెను. ఆ పలుకు బాలుని తండ్రి చెవిని బడెను. ఆయన ఉప్పుమడులలో గంపలు మోసి కొడుకునకు పుస్తకములు కొనిచ్చినవాడు. “దేన్ని బాబూ లైటు తీసుకోమంతన్నావు? ఈడి సదువునా, నా కూలినా?” యని మెల్లగా అడిగెను. మేము పాఠము చెప్పినపుడెన్నడును విశేషణమునకు నామవాచక మెక్కడనని ఇంత సూటిగా అడిగినది లేదు.

స్నేహితుడు తెల్లబోయి కొంతసేపు నేల చూచుచు నిలిచెను. పిమ్మట “మార్కుల్ని చిన్నాన్నా, మార్కుల్ని మాత్రమే” యనెను. తండ్రి ఏమియు ననలేదు. కొడుకు చేతిలోని పుస్తకముల సంచిని తాను తీసికొని, ఇద్దఱను టీ దుకాణము వైపు నడిపించుకొని పోయెను.