మ్యాపుల చదువుకీ జబ్బులకీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: మా అమ్మాయి బి.ఎస్సీ. పాసయింది. మ్యాపుల సాయంతో ప్రజల ఆరోగ్యం మీద పనిచేసే పి.జి. చదువుతానంటోంది. మావారేమో "అటు డాక్టరూ కాదు, ఇటు ఇంజనీరూ కాదు. బి.ఎడ్. చెయ్యమను" అంటున్నారు. ఫీజు గడువు దగ్గర పడింది. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: చదువు పేరు కొత్తదే గానీ, ఆలోచన పాతదేనమ్మా. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా సోకి వందలమంది పోయారు. చెడుగాలి వల్లే ఆ జబ్బు వస్తుందని అప్పట్లో చాలామంది నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం చావులు ఎక్కడెక్కడ జరిగాయో ఆరా తీశాడు. చాలావరకు ఒకే చేతిపంపు చుట్టూ ఉన్నాయి! ఆయన మాట మీద సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు. జబ్బు అప్పటికే తగ్గుముఖం పట్టింది. అయినా, తర్వాత ఆయన అచ్చువేయించిన మ్యాపు ఈనాటికీ ఈ చదువుకి మొదటి పాఠం. ఆ పక్కింట్లో ఒక తల్లి జబ్బుపడ్డ పసిపాప గుడ్డలు ఉతికి నీళ్లు గుంటలో పోసిందనీ, అక్కణ్ణుంచి మురుగు బావిలోకి ఊరిందనీ తర్వాత తేలింది. పాపం, ఆమెకేం తెలుసు!

ఫ్లోరైడు బాధ మీ జిల్లావాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒకే ఊళ్లో ఒక బోరు నీళ్లు మంచివి, ఇంకో బోరువి చెడ్డవి కావచ్చు. కంటికీ, నాలుకకీ తేడా తెలీదు. పరీక్ష చేసి, ఏ బోరు ఎక్కడుందో మ్యాపులో గుర్తుపెడితే ఏది తాగాలో, ఏది మానాలో తెలుస్తుంది.

ఇప్పుడీ పని కంప్యూటరు మీద చేస్తారు. దీన్నే జి.ఐ.ఎస్. అంటారు. ఎంబ్రాయిడరీ డిజైను దించుకునే ట్రేసింగు కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు ఊహించుకోండి. ఒకదాని మీద ఇళ్లు, ఇంకోదాని మీద బోర్లు, మరోదాని మీద జబ్బుపడ్డవాళ్లు. అన్నీ కలిపి చూస్తే లోపం ఎక్కడుందో బయటపడుతుంది. దీనితోపాటు లెక్కల శాస్త్రం, జబ్బులు వ్యాపించే తీరు నేర్పుతారు. ఎండలో ఊళ్లు తిరగడమూ ఉంటుంది. రోగి ఇల్లు నలుగురికీ తెలియకుండా గుట్టు కాపాడటం కూడా ఇందులో పాఠమే.

ఇందులోకి దారులు రెండు. ఒకటి, మ్యాపుల వైపు నుంచి. ఇస్రో వారి సంస్థ డెహ్రాడూన్‌లో ఉంది. రెండోది, ఆరోగ్యం వైపు నుంచి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.పి.హెచ్. ఉంది. బి.ఎస్సీ.తో ఏ కోర్సుకి అర్హత ఉందో ముందు కనుక్కోండి.

ఫీజు కట్టేముందు మూడు పనులు చెయ్యండి. కోర్సుకి గుర్తింపు ఉందో లేదో చూడండి. మునుపు చదివినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. క్యూజిఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో అమ్మాయిని మీ వీధి మ్యాపు గీయమనండి. ఆరోగ్యశాఖలోనూ, పరిశోధన సంస్థల్లోనూ ఉద్యోగాలున్నాయి గానీ, మొదట్లో చాలావరకు కాంట్రాక్టువే. ఈ మాట మీవారి దగ్గర దాచొద్దు.

ఆ మ్యాపు గీస్తూ అమ్మాయి అన్నం సంగతి మరిచిపోయిందంటే, ఇక బి.ఎడ్. మాట ఎత్తకండి!