రాక్ పాటలో గోగ్రహణం

పిల్లలు కంప్యూటర్లో రాక్ పాటలు దించుకుని వింటుంటే "ఏమిటా గోల, కట్టెయ్!" అనడం మన లూకన్ తెలుగు ఇళ్ళలో మామూలే. అలా అనేముందు డబ్లిన్ బృందం హార్స్‌లిప్స్ 1973లో తెచ్చిన 'ది టాయిన్' ఆల్బమ్ ఒకసారి వినండి. ఐర్లండ్ ప్రాచీన వీరగాథే అందులోని వస్తువు: ఒక ఆంబోతు కోసం మేవ్ రాణి దండెత్తడం, కుహులిన్ ఒంటరిగా ఎదిరించడం. తిక్కనగారి విరాటపర్వం చదివినవారికి ఇది కొత్త కథా? ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు కౌరవసేనను ఒక్క రథంతోనే ఓడించాడు కదా!

ఈ దేశంవారు తమ పురాణాన్ని గిటారుతో పిల్లలకు అందించారు. మన పురాణం మన పిల్లలకు అందాలంటే కంప్యూటర్ కట్టేయిస్తే చాలదు. పాటను డబ్బు చెల్లించే దించుకుని, వారి పక్కనే కూర్చుని విందాం. ఆ పూటే గోగ్రహణం కథ చెబుదాం.