కొలువు కాలిఫోర్నియాలో, నిద్ర తార్నాకలో

పదవీ విరమణ తరువాత ప్రతి ఉదయం ఆరు గంటల ప్రాంతంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆర్ట్స్ కళాశాల ముందున్న రహదారిపై నడవడం నాకు అలవాటు. ఈ మధ్య అక్కడ తార్నాకలో ఉండే ఒక యువకుడు ఎదురవుతున్నాడు. నేను నిద్ర లేచి వస్తాను. అతడు నిద్రపోయే ముందు వస్తాడు. చాలా ఏళ్ళు అమెరికాలో ఉండి, వృద్ధులైన తల్లిదండ్రుల కోసం ఇల్లు చేరాడు. అక్కడి కొలువునే ఇక్కడ నుండి చేస్తున్నాడు. "ఊరు మారింది గాని ఉద్యోగం మారలేదు డాక్టర్ గారూ, అదృష్టం" అన్నాడు. నేను మర్యాదకు తల ఊపాను. అది అదృష్టం కాదని ఆనాడే చెప్పవలసింది. ఇప్పుడు చెబుతున్నాను.

విదేశీ కొలువుతో స్వదేశానికి తరలివచ్చే వారు భయపడేది ఎండకు, దోమకు, నీటికి. భయపడవలసినది గడియారానికి. కాలిఫోర్నియాలో ఉదయం తొమ్మిదైతే మనకు రాత్రి తొమ్మిదిన్నర. వారి చలికాలంలో పదిన్నర. అక్కడి పగటి కొలువు ఇక్కడ నిండు రాత్రి కొలువు. దానికి "ఎక్కడి నుండైనా పని" అని అందమైన పేరు పెట్టారు. పని ఎక్కడి నుండైనా చేయవచ్చు. శరీరం మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

మెదడు అడుగున, కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన మన జీవ గడియారం ఉన్నది. కంటిలో పడే వెలుగే దానికి ప్రధానమైన సంకేతం. చీకటి పడితే మెలటోనిన్ స్రవిస్తుంది; వెలుగు దానిని అణచివేస్తుంది. ఈ గడియారం కణాలలో ఎలా నడుస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రి మెలకువగా ఉన్నా, పగటి వెలుగు, సెలవు దినాల నిద్ర ఈ గడియారాన్ని మళ్ళీ స్థానిక కాలానికే లాగుతుంటాయి. అందుకే ఏళ్ళ తరబడి రాత్రి పని చేసినా చాలామంది శరీరం దానికి పూర్తిగా అలవాటు పడదు.

ఫలితాలు చిన్నవి కావు. రాత్రివేళ శరీరం చక్కెరను పగటిలా సర్దుకోలేదు. మధుమేహానికి ముందే లోనయ్యే మన జాతికి అర్ధరాత్రి భోజనం మరింత చేటు. రాత్రి పనిని "బహుశా క్యాన్సర్ కారకం" అన్న వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2019లో మరల నిలిపింది. అంటే అందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు. ఆధారాలను తేలికగా తీసివేయరాదని.

ఉష్ణమండలంలో ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. మే నెలలో నలభై డిగ్రీల పగటి వేడిలో గాఢనిద్ర కష్టం. డెంగీని మోసే ఏడిస్ దోమ పగటి దోమ. దోమతెర రాత్రికే అనుకునేవాడు పగలు నిద్రిస్తే దానికి విందు. ఏడాది పొడుగునా ఎండ కాసే ఊరికి వచ్చి తెరలు దించుకుంటే విటమిన్ డి ఎక్కడిది? కిటికీ అద్దం గుండా వచ్చే ఎండతో అది తయారు కాదు.

"మీరూ రాత్రి విధులు చేశారు గదా?" అని అడుగుతారు. చేశాను, వంతుల వారీగా చేశాను, దాని మూల్యం నా రక్తపోటులో చెల్లిస్తున్నాను. కాని కాన్పు తెల్లవారేదాకా ఆగదు, పాము కాటు ఆగదు. లెక్కల పట్టికపై జరిగే సమావేశం ఆగుతుంది. ఆగగల పని కోసం నిద్రను బలి ఇవ్వడమే నా అభ్యంతరం.

ఉపాయం లేకపోలేదు. కాలిఫోర్నియాలో ఉదయం ఏడింటికి మనకు రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. రెండు గంటలు ఉమ్మడి సమావేశాలకిచ్చి, మిగిలిన పని మన పగటిలో చేసుకుంటామని తరలివచ్చే ముందే సంస్థతో వ్రాతపూర్వకంగా ఒప్పించుకోండి. జీతం గురించి నెలలు బేరమాడేవారు నిద్ర గురించి ఒక్క మాటైనా అడగరేమి? తప్పనిసరైతే రోజూ ఒకే వేళకు నిద్ర, చీకటి గది, పగలూ దోమతెర, పని మొదలవక ముందే ప్రధాన భోజనం, ఏటా చక్కెర, రక్తపోటు పరీక్షలు పాటించండి. మెలటోనిన్ మాత్రలు సొంతంగా మింగవద్దు.

మొన్న ఆ యువకుడిని ఒక్కటే అడిగాను: "నాన్నగారితో కలిసి ఎప్పుడు భోంచేశావు నాయనా?" కొంతసేపు ఆలోచించి, "ఆదివారం" అన్నాడు. అది ఏ ఆదివారమో నేను అడగలేదు. తండ్రి కోసం సముద్రాలు దాటి వచ్చిన కొడుకు, ఆయన మేలుకుని ఉన్నంతసేపూ నిద్రిస్తున్నాడు.