ఆఫీసు కంప్యూటరు, వల్లూరు బూడిద

కార్యాలయములలో కంప్యూటర్లను పర్యావరణహితముగా వాడవలెనని పలుకువారు సాధారణముగా కాగితముల పొదుపుతో మొదలిడి అచ్చటనే ఆగుదురు; చెన్నైకి ఉత్తరముననున్న పొన్నేరి తాలూకావాసులకు మాత్రము ఆ యంత్రముల వెల మరియొక రూపమున కనబడుచున్నది. అత్తిపట్టు చెంత ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రము మొదటి రెండు దశలలో 1830 మెగావాట్ల సామర్థ్యముతోను, ఎన్.టి.పి.సి.యు రాష్ట్ర విద్యుత్సంస్థయు కలసి నిర్మించిన వల్లూరు కేంద్రము 1500 మెగావాట్ల సామర్థ్యముతోను నెలకొనియున్నవి. మన దేశపు బొగ్గు కాలినపుడు ఇంచుమించు మూడవవంతు బూడిదగా మిగులును. దానిని నీటితో కలిపి గొట్టముల గుండ మడుగులకు పంపునప్పుడు, ఆ గొట్టములు పగిలిన ప్రతిసారియు అది కుశస్థలి నదిలోనికిని ఎన్నూరు ఉప్పుటేటిలోనికిని దిగి, బురదలో చేతులతో తడవి రొయ్యలు పట్టుకొని బ్రదుకు ఇరుళ తెగవారి జీవనమునే పూడ్చివేయుచున్నది.

ఒక లెక్క వేసి చూతము. పని లేక వెలుగుచుండు కంప్యూటరు మానిటరుతో కలసి 60 వాట్లు తీసికొనుననుకొందము. నూరు యంత్రములున్న కార్యాలయము రాత్రి 15 గంటలు వానిని ఆర్పక విడిచినచో 90 యూనిట్లు వ్యయమగును, అందులకై సుమారు 60 కిలోల బొగ్గు కాలును, 20 కిలోల బూడిద మిగులును. యంత్రము గ్రహించిన విద్యుత్తంతయు తుదకు వేడియే యగుటవలన, సర్వర్ల గదినుండి ఆ వేడిని వెడలగొట్టుటకు ఎ.సి.కి కావలసిన కరెంటు వేరు. రాత్రివేళ అప్‌డేట్లు వేయవలెనని కార్యాలయములు కారణము చెప్పును. నెట్‌వర్కు ద్వారా అవసరమైన గడియకు యంత్రమును లేపి, పని ముగియగనే మరల నిద్రపుచ్చుట సాధ్యమైయుండగా ఆ కారణము నిలువదు.

అయినను, ఆర్పుటకంటె కొనకుండుటయే పెద్ద మేలని నా నిశ్చయము. లాప్‌టాపు జీవితకాలమున కలిగించు కర్బన ఉద్గారములలో అధికభాగము సాధారణముగా అది కొనువాని చేతికి రాకపూర్వమే, గనులలోను చిప్పుల కర్మాగారములలోను వెలువడియుండును. కావున మూడేండ్లకు మార్చు యంత్రమును ఆరేండ్లు నిలుపుకొనుటకంటె సంస్థ చేయగల ఉపకారము మరియొకటి నాకు తోచదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగియుటతో, కొత్త విండోస్ అంగీకరింపని యంత్రములు, చక్కగా పనిచేయుచున్నవియే, పాతసామానుల దారి పట్టు ప్రమాదము కలిగినది. వానిలో లినక్సు వేసి, పాత డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. అమర్చినచో గుమాస్తా పనికిని బడిపిల్లల చదువునకును ఇంకను చాలును; కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏండ్లతరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో బోధించుచునే యున్నవి.

2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నిబంధనలు, ఏడాదిలో కనీసము వేయి పరికరములు వాడిన సంస్థలను పెద్ద వినియోగదారులుగా గణించి, పాతవానిని రిజిస్టరైన వారికే అప్పగింపవలెనని విధించినవి. చిన్న ఊరి కళాశాలయు, సహకార బ్యాంకును, తాలూకా కచేరీయు సాధారణముగా ఆ లెక్కకు అందవు. కావున అచ్చటి యంత్రములు పాత ఇనుము వ్యాపారి బండినెక్కి, రాగి కొరకు తీగలను తగులబెట్టు, బంగారము కొరకు బోర్డులను ఆమ్లమున ముంచు పెరళ్లకు చేరుటకు అవకాశము మెండు. పొన్నేరిలోని ఇట్టి సంస్థలన్నియు ఏటికొకసారి తమ పాత యంత్రములను ఒక్కచోట చేర్చి, బాగుచేయదగినవానిని వేరుపరచి, డిస్కులలోని సమాచారమును తుడిచి, మిగిలినవానిని రిజిస్టరైన రీసైక్లర్లకు రసీదుపై అప్పగించుటకు తాలూకా కార్యాలయమే ముందు నిలువవలెను. ఆ రసీదు లేనిదే కొత్త కంప్యూటర్ల కొనుగోలు బిల్లు మంజూరు కారాదు.